పాఠం చెప్పడానికి అంత దూరం వెళ్లాలా?

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో ఒకటి చాలా రోజులు మా బల్ల మీదనే ఉండిపోయింది. జవాబు వ్రాయడం తేలిక కాలేదు. వ్రాసినవారు ప్రకాశం జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో నివసించే గృహిణి. సలాములు, క్షేమసమాచారాలు ముగిశాక ఆమె నేరుగా విషయానికి వచ్చారు. వారి పెద్దమ్మాయి వైద్యవిద్య ఇక్కడే పూర్తిచేసి, ఇంగ్లండులో ఒక ఆసుపత్రి అత్యవసర విభాగంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నది. ఈ సంవత్సరం తన సెలవులన్నీ కూడబెట్టుకొని, వాటికి జీతం లేని సెలవు మరికొంత కలుపుకొని, ఆరు వారాలపాటు పశ్చిమ ఆఫ్రికాలోని ఘానా దేశానికి వెళతానంటున్నది. అక్కడి పీజీ వైద్యులకు అత్యవసర వైద్యం నేర్పడం ఆమె ఉద్దేశం. విమానం టిక్కెట్టు ఖర్చు తనదే. ప్రతిఫలం ఏమీ లేదు. అల్లుడికి అభ్యంతరం లేదు; పిల్లలిద్దరినీ ఆ ఆరు వారాలు అమ్మమ్మ వెళ్లి చూసుకోవాలి. అభ్యంతరం ఇంటిపెద్దది.

“మన ఊరి ఆసుపత్రిలో రాత్రి తొమ్మిది దాటితే చూసే దిక్కు లేదు. అది వదిలేసి ఆఫ్రికాకు పోయి పాఠాలు చెబుతుందట! అంత సేవ చేయాలని ఉంటే ఇక్కడికి రమ్మను” అని ఆయన అంటున్నారట.

ఆ మాట వెనుక ఒక గాయం ఉన్నదని కూడా ఆ సోదరి దాచలేదు. నాలుగేళ్ల కిందట ఒక రాత్రి ఆయన తమ్మునికి ఛాతీలో నొప్పి వచ్చి ఒళ్లంతా చెమటలు పట్టాయి. దగ్గరలోని ఆసుపత్రికి తీసుకువెళ్లారు. డ్యూటీలో ఉన్నది ఒక్క యువ వైద్యుడు. ఈసీజీ తీశాడు, ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పెద్ద డాక్టరుకు మూడుసార్లు ఫోను చేశాడు, అవతల ఎత్తలేదు. గ్యాసు నొప్పి కావచ్చునని ఇంజెక్షను వేసి, తెల్లవారే వరకు చూద్దామన్నాడు. ఫజ్ర్ అజాన్ వినిపించక ముందే ఆ మనిషి పోయాడు. “ఆనాటి నుండి మా వారు ఆ కుర్రడాక్టరును తిట్టని రోజు లేదు. నాకు మాత్రం ఆ పిల్లవాని చేతులే గుర్తుకు వస్తాయి. అవి వణుకుతున్నాయి” అని ఆమె వ్రాశారు. ఉత్తరం చివరి వాక్యం ఇది: “తండ్రీకూతుళ్ల మధ్య నేను ఎవరి పక్షాన మాట్లాడాలి?”

పక్షం తేల్చడం మా పని కాదు. కానీ ఈ అత్యవసర వైద్యబోధన అంటే ఏమిటో, ఆ దూరదేశంలో నిజంగా ఏమి జరుగుతున్నదో తెలియకుండా ఇంట్లో వాదన సాగితే అది కోపంతోనే ముగుస్తుంది. అందుకని తెలుసుకోగలిగినంత తెలుసుకొని, ఈ నెల ఈ శీర్షికను ఆ విషయానికే కేటాయిస్తున్నాము.

మన ఆసుపత్రులలో ‘క్యాజువాలిటీ’ అని బోర్డు ఉండే గది అందరికీ తెలిసినదే. ప్రమాదంలో దెబ్బలు తగిలినవారు, పాము కరిచినవారు, పురుగుమందు త్రాగినవారు, గుండెనొప్పి వచ్చినవారు, అందరూ ముందు చేరేది అక్కడికే. ఆసుపత్రి మొత్తంలో అతి కష్టమైన గది అది. విచిత్రమేమంటే, చాలా కాలంపాటు, చాలా దేశాలలో, ఆ గదిలో నిలబెట్టేది అందరికంటే చిన్నవాడిని. నిన్నగాక మొన్న పరీక్ష ప్యాసైన హౌస్‌సర్జను అక్కడ ఉంటాడు. అనుభవజ్ఞులు పైఅంతస్తులో తమ తమ వార్డులలో ఉంటారు. ఇది పేద దేశాల దుస్థితి మాత్రమే అనుకోరాదు. అమెరికాలో సైతం అత్యవసర వైద్యంలో మొట్టమొదటి పీజీ శిక్షణ సిన్సినాటి నగరంలో 1970లో మొదలైంది. దానిని ప్రత్యేక వైద్యశాఖగా అక్కడ గుర్తించినది 1979లో. మన దేశంలో వైద్యమండలి గుర్తింపు లభించినది 2009లో. అంటే మన వైద్యకళాశాలలలో ఈ శాఖ వయసు ఇంకా రెండు దశాబ్దాలు నిండలేదు. ఆ రాత్రి ఈసీజీ కాగితాన్ని తిప్పిచూసిన కుర్రవానికి దానిని చదవడం పక్కన నిలబడి నేర్పినవారు ఎవరైనా ఉన్నారా అన్నది మాకు తెలియదు. లేరనే మా అనుమానం.

ఇక ఘానా సంగతి. 2001 మే 9వ తేదీ రాత్రి ఆ దేశ రాజధాని అక్రాలోని క్రీడామైదానంలో రెండు పెద్ద ఫుట్‌బాల్ జట్లకు పోటీ జరిగింది. ఓడిపోతున్న జట్టు అభిమానులు ఆగ్రహించి కుర్చీలు విరిచి విసిరారు. పోలీసులు బాష్పవాయువు వదిలారు. జనం ఒక్కసారిగా గేట్ల వైపు పరుగెత్తారు. గేట్లకు తాళాలు వేసి ఉన్నాయి. ఆ తొక్కిసలాటలో 126 మంది మరణించారు. ఊపిరాడక పోయినవారే అధికం. ఒకే రాత్రి అంతమంది క్షతగాత్రులు వస్తే చూడగలిగే ఏర్పాటు దేశంలో ఎక్కడా లేదన్న సంగతి ఆ దుర్ఘటనతో ప్రభుత్వానికీ ప్రజలకూ తెలిసివచ్చింది.

దాని ఫలితంగా దేశంలో రెండవ పెద్ద నగరమైన కుమాసీలో, వెయ్యికి పైగా పడకలున్న కొంఫో అనోక్యే బోధనాసుపత్రిలో, జాతీయ ప్రమాద, అత్యవసర వైద్యకేంద్రం నిర్మించారు. అది 2009లో తెరుచుకున్నది. భవనం కట్టడానికి డబ్బు చాలు. దానిలో నిలబడి పనిచేసే నిపుణులను ఎక్కడినుండి తేవాలి? ఆ దేశంలో ఆనాటికి ఈ శాఖలో శిక్షణనిచ్చే వ్యవస్థ లేదు. నేర్పేవారు లేనిదే నేర్చుకునేవారు తయారుకారు. నేర్చుకున్నవారు లేనిదే నేర్పేవారు పుట్టరు. ఈ వలయాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి.

తెంచడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది, యువ వైద్యులను విదేశాలకు పంపి నేర్పించడం. ఈ మార్గాన్ని ఘానా అంతకు పూర్వమే ప్రసూతివైద్యంలో ప్రయత్నించి చూసింది. బ్రిటనుకు వెళ్లి నేర్చుకున్నవారిలో తిరిగివచ్చినవారు బహు తక్కువ. వారిని నిందించి లాభం లేదు. ఆరేళ్లు ఒకచోట బ్రతికిన మనిషికి అక్కడ ఇల్లు ఏర్పడుతుంది, పిల్లలు బడికి వెళతారు, జీతం అలవాటవుతుంది. మన తెలుగు జిల్లాలలో ఏ వీధిలో అడిగినా ఈ కథ చెబుతారు. ఉత్తరం వ్రాసిన సోదరి ఇంటి కథ కూడా, ఆమె ఏమీ అనుకోకపోతే, ఇదే.

రెండవ మార్గం, గురువులే అక్కడికి రావడం. ప్రసూతివైద్యంలో 1989 నుండి ఘానా ఈ పద్ధతిని చేపట్టింది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంతోనూ, బ్రిటను వైద్యులతోనూ కలిసి అక్రాలోనూ కుమాసీలోనూ పీజీ శిక్షణ నెలకొల్పింది. విదేశీ ఆచార్యులు వచ్చి నేర్పి వెళ్లేవారు. పీజీ వైద్యులు తమ దేశంలోనే, తమ రోగుల మధ్యనే చదివేవారు. ఈ విధంగా శిక్షణ పూర్తిచేసిన తొలి 38 మందిలో 37 మంది ఘానాలోనే ఉండి పనిచేస్తున్నారని 2007లో వెలువడిన ఒక పరిశీలన తెలిపింది. ఆ అంకెను మేము ఒకటికి రెండుసార్లు చదువుకొన్నాము. వైద్యుల వలసను గురించి సభలు చాలా జరుగుతాయి, తీర్మానాలు చాలా వస్తాయి. అవేవీ చేయలేని పనిని చదువు చెప్పే స్థలాన్ని మార్చడం చేసింది.

అత్యవసర వైద్యంలోనూ అదే పద్ధతిని అనుసరించారు. 2009లోనే కుమాసీలో మూడేళ్ల పీజీ శిక్షణ ప్రారంభమైంది. మిషిగన్ నుండి ఆచార్యులు విడతలవారీగా వచ్చి పాఠం చెప్పారు. తొలి బృందం 2012లో బయటికి వచ్చింది. ఆ బృందంలోనివారే తరువాతి బృందాలకు గురువులయ్యారు. కొందరు ఇతర పెద్ద ఆసుపత్రులకు వెళ్లారు. నర్సులకు కూడా అత్యవసర సేవలో డిగ్రీ చదువు పెట్టారు. ఇది చాలామంది మరచిపోయే విషయం. రోగిని మొదట తాకేది నర్సు చేయి కదా. తయారుచేసిన పాఠాలను ఎవరైనా ఉచితంగా తీసుకొని, తమ అవసరానికి తగినట్లు మార్చుకొని వాడుకోవచ్చునని బహిరంగంగా అందుబాటులో ఉంచారు.

అక్కడ నేర్పేది ఏమిటో కొంచెం చెబితే గాని ఆ తండ్రికి అమ్మాయి పని అర్థం కాదు. గుండె శస్త్రచికిత్సల వంటివి కావు. ఉదాహరణకు తలుపు దగ్గరి పని చూద్దాము. రోగులు వచ్చిన వరుసలో కాక, ప్రమాదతీవ్రతను బట్టి చూడాలి. దీనిని ‘ట్రయాజ్’ అంటారు. కుమాసీలో అనుసరించేది దక్షిణాఫ్రికా వైద్యులు రూపొందించిన పద్ధతి. రోగి నడవగలడా? నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడు? నాడి ఎంత? బీపీలో పై అంకె ఎంత? ఒంటి వేడి ఎంత? పిలిస్తే పలుకుతున్నాడా? దెబ్బ తగిలిందా? ఈ ఏడింటికి మార్కులు వేసి కూడుతారు. ఎరుపు రంగు పడితే ఆ క్షణమే చూడాలి. నారింజ అయితే పది నిమిషాలలో, పసుపు అయితే గంటలో, ఆకుపచ్చ అయితే నాలుగు గంటలలోపు. దీనికి కావలసినది ఒక గడియారం, ఒక బీపీ యంత్రం, ఒక థర్మామీటరు, శ్రద్ధగల ఒక నర్సు. అయినా ఇది లేనిచోట ఏమి జరుగుతుందో మనకు తెలుసు: గట్టిగా అరిచినవాని బంధువులు గెలుస్తారు, చప్పుడు లేకుండా మూలన కూర్చున్న ముసలమ్మ ఓడిపోతుంది.

తరువాతిది మంచం పక్కన నేర్పే విద్య. గొంతులో ఊపిరి దారి తెరిచి ఉన్నదా, ఊపిరితిత్తులలోకి గాలి వెళుతున్నదా, రక్తప్రసరణ సరిగా ఉన్నదా, స్పృహ ఎలా ఉన్నది, ఒంటి మీద దాగిన గాయాలేమైనా ఉన్నాయా అని ఎన్నడూ తప్పని ఒకే క్రమంలో చూడటం. భయపడినప్పుడు మనిషి మెదడు ఆలోచించదు, అలవాటైనదే చేస్తుంది. కనుక ఆ క్రమాన్ని చేతులకు అలవాటు చేయాలి. ఇది పుస్తకంలో రాదు. రాత్రి రెండు గంటలకు, స్ట్రెచరు మీద మనిషి ఎగపోస్తుండగా, ఒక అనుభవజ్ఞుడు పక్కనే నిలబడి, తాను ముట్టుకోకుండా, “ఇప్పుడు ఏమి చూస్తావు?” అని నెమ్మదిగా అడిగితే వస్తుంది. ప్రపంచ ఆరోగ్యసంస్థ, అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కలిసి 2018లో వెలువరించిన ప్రాథమిక అత్యవసర వైద్యశిక్షణ కూడా ఈ క్రమం మీదనే ఆధారపడింది. కొద్ది రోజులలో పూర్తయ్యే ఆ శిక్షణను వైద్యులతో పాటు నర్సులూ ఇతర సిబ్బందీ తీసుకోవచ్చును.

ఇంతవరకు వ్రాసినదంతా అమ్మాయి పక్షాన ఉన్నట్లు కనబడుతుంది. తండ్రిగారి పక్షాన చెప్పవలసినది కూడా ఉన్నది. అది ఆయనకు తట్టిన కారణం కాదు గాని, ఆయన సంకోచానికి బలమిచ్చేదే.

ధనిక దేశంలో నేర్చుకున్న విద్యను పేద దేశానికి మోసుకుపోవడం ఎల్లప్పుడూ మేలే చేస్తుందన్న హామీ లేదు. 2011లో వెలువడిన ఒక పరిశోధన వైద్యలోకాన్ని కుదిపివేసింది. తీవ్రజ్వరంతో వచ్చి, రక్తప్రసరణ మందగించిన పిల్లలకు తక్కువ సమయంలో ఎక్కువ సెలైన్ ఎక్కించాలన్నది ఐరోపా, అమెరికా పాఠ్యపుస్తకాలలో తిరుగులేని సూత్రం. కెన్యాలో చాలాకాలంగా పనిచేస్తున్న కాథరిన్ మెయిట్‌లండ్ అనే వైద్యురాలు, ఆమె సహచరులు ఉగాండా, కెన్యా, టాంజానియా ఆసుపత్రులలో 3,141 మంది పిల్లల మీద ఈ సూత్రాన్ని పరీక్షించారు. సెలైన్ వేగంగా ఎక్కించిన పిల్లలలో 48 గంటలలోపు నూటికి పదిమందికి పైగా మరణించారు. వేగంగా ఎక్కించకుండా మిగతా వైద్యమంతా చేసిన పిల్లలలో మరణించినది నూటికి ఏడుగురు. మేలు చేస్తుందనుకున్నదే ప్రాణం తీస్తున్నదని తేలి, పరీక్షను మధ్యలోనే నిలిపివేశారు. ఆ పిల్లలలో సగానికి పైగా మలేరియా బాధితులు. తీవ్రమైన రక్తహీనత ఉన్నవారు ఎందరో. ఊపిరి అందకపోతే ఆదుకొనే వెంటిలేటర్లు అక్కడ లేవు. (విరేచనాలతో ఒంట్లో నీరు కోల్పోయిన పిల్లల సంగతి వేరు. వారిని ఈ పరీక్షలో చేర్చలేదు. ఇంట్లో చిన్నపిల్లలున్న పాఠకులు పొరబడకూడదని చెబుతున్నాము.)

పెద్దల విషయంలోనూ ఇటువంటిదే జరిగింది. రక్తంలో విషక్రిములు వ్యాపించి బీపీ పడిపోయినవారికి మొదటి గంటలలో ఒక పద్ధతి ప్రకారం ద్రవాలు, మందులు, రక్తం ఇస్తే మరణాలు బాగా తగ్గుతాయని 2001లో అమెరికాలోని డెట్రాయిట్ నగరం నుండి ఒక పరిశోధన వచ్చింది. ప్రపంచమంతా దానిని కొనియాడింది. జాంబియా రాజధాని లుసాకాలో దానికి దగ్గరి పద్ధతిని అక్కడి వనరులకు అనుగుణంగా కుదించి పరీక్షించి, 2017లో ఫలితాలు ప్రకటించారు. ఆ పద్ధతి ప్రకారం వైద్యం పొందినవారిలో నూటికి 48 మంది మరణించగా, అక్కడి మామూలు వైద్యం పొందినవారిలో మరణించినది నూటికి 33 మంది.

ఈ అంకెలు చదివినప్పుడు మాకు ఆ సోదరి అమ్మాయి గుర్తుకు వచ్చింది. పదకొండేళ్ల అనుభవం, చేతిలో ఇంగ్లండు పాఠ్యప్రణాళిక, హృదయంలో మంచి ఉద్దేశం, ఇవన్నీ ఉన్న మనిషి కూడా రెండవ రోజునే ఒక పిల్లవాని ప్రాణానికి ముప్పు తేగలదు. కాబట్టి అక్కడికి వెళ్లే గురువు మొదటి కొన్ని రోజులు విద్యార్థిగా ఉండక తప్పదు. ఘానాలో పుట్టే పిల్లలలో సుమారు 2 శాతం మందికి సికిల్‌సెల్ వ్యాధి ఉంటుంది. ఆ వ్యాధితో వచ్చే భరించరాని నొప్పిని, ఊపిరి ఆగే ప్రమాదాన్ని గుర్తించడంలో కుమాసీలోని రెండవ సంవత్సరపు పీజీకి ఉన్న నేర్పు విదేశీ ఆచార్యునికి ఉండకపోవచ్చు. మలేరియా, ధనుర్వాతం, పాముకాటు విషయాలలోనూ అంతే. భాష కూడా ఉన్నది. వైద్యులు తమలో తాము ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు గాని, రోగి చెప్పేది ట్వీ భాషలో. కుమాసీలో ‘జోంగో’ అని పిలిచే ముస్లిం వాడలున్నాయి. అక్కడినుండి వచ్చిన వృద్ధురాలు హౌసా మాట్లాడుతుంది. నొప్పి ఎక్కడో చెప్పే మాట అర్థం కాని డాక్టరు ఎంత చదివితేనేమి?

అందుకే మేము రెండు రకాల ప్రయాణాలను వేరుగా చూస్తున్నాము. పదిరోజులు వెళ్లి, తామే రోగులను చూసి, తామే కుట్లు వేసి, పిల్లలతో ఫోటోలు దిగి తిరిగివచ్చేవారున్నారు. వారిలో చిత్తశుద్ధి లేదని అనము. కానీ వారు వెళ్లిపోయిన మరునాడు ఆ గదిలో ఎవరున్నారు? మునుపటి కుర్రవాడే, మునుపటి భయంతోనే. పైగా ఆ పదిరోజులూ అతిథిని విమానాశ్రయం నుండి తీసుకురావడం, బస చూపడం, పక్కన ఉండి అనువాదం చేయడం అక్కడి వైద్యుల మీదనే పడింది. వారికి అసలే తీరిక లేదు. ఇంకొక సంగతి కూడా ఉన్నది. మన దేశంలో అనుమతి లేకుండా విదేశీయుడు వైద్యం చేస్తే మనం ఊరుకోము. ఘానాలో కూడా వైద్యమండలిలో తాత్కాలికంగానైనా పేరు నమోదు చేసుకోవాలి. సేవ చేయడానికి వచ్చాను కదా అని నియమాన్ని దాటడం సేవ కాదు.

కుమాసీ వంటి చోట జరిగినది వేరు. పిలిచినది ఆ దేశం. పాఠ్యక్రమం, పరీక్ష, పట్టా ఆ దేశపు వైద్యకళాశాలవి. వచ్చినవారు ఒకరి తరువాత ఒకరుగా, ముందువారు ఆపిన పాఠం దగ్గరినుండి అందుకొన్నారు. పదేళ్లలో తమ అవసరం తగ్గిపోవాలన్నదే వారి పథకం.

ఇవన్నీ మనసులో పెట్టుకొని ఆ సోదరికి ఒక చిన్న జవాబు వ్రాశాము. పక్షం తీసుకోలేదు. అమ్మాయిని అడగమని కొన్ని ప్రశ్నలు మాత్రం పంపాము. నిన్ను రమ్మన్నది ఎవరు, అక్కడి విభాగాధిపతా, లేక ప్రయాణాలు ఏర్పాటు చేసే సంస్థా? వారు ఏమి నేర్పమన్నారు? నీకు ముందు ఎవరు నేర్పారు, నీ తరువాత ఎవరు వెళతారు? రోగిని నీవే చూస్తావా, లేక పీజీ చేత చూపిస్తావా? వాళ్ల దగ్గర లేని మందును, లేని యంత్రాన్ని గురించి పాఠం చెప్పవు కదా? తండ్రిగారు కూడా వింటుండగా అడగమన్నాము.

తండ్రిగారి అసలు ప్రశ్నను దాటవేసినట్లు కాకుండా, దానికీ మాకు తోచినది చెప్పాలి. ఇక్కడికి ఎందుకు రాకూడదు? న్యాయమైన ప్రశ్న. మన 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైనది. ఆ వాహనాలలో పనిచేసే సిబ్బందికి పాఠం చెప్పేవారిని తయారుచేయడానికి అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ వైద్యులు సముద్రాలు దాటి వచ్చారు. వారి ఊళ్లలో రోగులు లేకనా వచ్చినది? వారి తల్లిదండ్రులు కూడా ఇదే ప్రశ్న అడిగి ఉండవచ్చును. ఈనాడు మన పల్లెలో రాత్రివేళ ఆ తెల్లని బండి ఆగితే, దిగే కుర్రవాని చేతి నేర్పులో ఎవరో పరాయివారి సెలవుదినాలు కొన్ని కలిసి ఉండవచ్చు. కనుక పరాయి దేశం పని అని తోసిపుచ్చలేము. అదే సమయంలో, ఆ బండి రోగిని దింపే ఆసుపత్రి తలుపు వెనుక నేర్చినవాడు లేకపోతే ఆ పరుగంతా వృథా. ఈ రెండవ మాటలో తండ్రిగారే సరి. ఆయన తమ్ముని ప్రాణం పోయినది బండి లేక కాదు, తలుపు వెనుక ఉన్నవానికి నేర్పినవారు లేక. అమ్మాయి ఘానాకు వెళ్లాలనుకుంటున్నదీ సరిగ్గా ఆ లోటు తీర్చడానికే. ఒకే ఇంట్లో ఇద్దరు మనుషులు ఒకే విషయం గురించి ఎదురెదురుగా నిలబడి వాదించుకుంటున్నారని మాకు అనిపించింది.

ఈ పుటలు అచ్చుకు సిద్ధమవుతుండగా ఆ సోదరి రెండవ ఉత్తరం చేరింది. శుక్రవారం మధ్యాహ్నం భోజనాల తరువాత అందరూ కూర్చొని ఉండగా ఫోను స్పీకరులో పెట్టి అడిగారట. పిలిచినది అక్కడి విభాగాధిపతి. అమ్మాయితో పాటు ఇంగ్లండులో కొంతకాలం పనిచేసి స్వదేశానికి తిరిగివెళ్లిన వైద్యురాలు. ఉపన్యాసాలు వద్దన్నదట. “మా పిల్లలకు ఉపన్యాసాలు చాలినన్ని ఉన్నాయి. రాత్రి డ్యూటీలో వాళ్ల పక్కన నిలబడు, అది చాలు” అని వ్రాసిందట. రోగిని అమ్మాయి ముట్టుకోదు, పీజీ చూస్తుంటే వెనుక ఉంటుంది. ముందు వెళ్లి వచ్చిన వైద్యుడు ఏయే పీజీకి ఏమేమి వచ్చునో, ఏమేమి రాదో వ్రాసిపెట్టిన పుస్తకం ఇప్పటికే ఆమె చేతికి అందింది. మందుల ప్రశ్నకు మాత్రం ఆమె కొంచెం తడబడిందట. అక్కడి మందుల జాబితా తెప్పించుకొని, తన పాఠాలను మళ్లీ చూసుకుంటానన్నది.

తండ్రిగారు చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత అడిగారు: “ఆ పిల్లలకు ఈసీజీ చదవడం నేర్పుతావా?”

“మొదటి వారం అదే, అబ్బా.”

ఆయన లేచి వరండాలోకి వెళ్లారట. సాయంత్రం చాయ్ త్రాగుతూ ఇంకొక మాట అన్నారు, తిరుగు ప్రయాణంలో అటునుండి అటే ఇంగ్లండు పోకుండా ఇక్కడ రెండు వారాలు ఆగమని. అమ్మాయి తాను చదివిన వైద్యకళాశాలకు ఆ రాత్రే లేఖ పంపింది: హౌస్‌సర్జన్లతో కలిసి క్యాజువాలిటీలో రాత్రులు నిలబడతాను, అనుమతించగలరా అని. ఇరవై రోజులు గడిచాయి. జవాబు ఇంకా రాలేదు. తండ్రిగారు స్వయంగా వెళ్లి అడుగుతానంటున్నారట. సోదరి మాత్రం మనుమల దగ్గరికి వెళ్లడానికి వీసా కాగితాలు సమర్పించి హైదరాబాదు నుండి తిరిగివచ్చారు.